స్థిరగుచ్ఛంలో కొత్త పేరు

కుముదిని టీ పెట్టుకుందామని వచ్చేసరికి వంటింటి తెర మీద ఎర్ర అక్షరాలు మెరుస్తున్నాయి. "కొత్త స్థిరగుచ్ఛం తయారీలో ఉంది: ఫణీంద్ర, చిన్మయి."

ఫణీంద్ర ఆమె భర్త. మరి చిన్మయి ఎవరు?

ఆ కాలంలో ఏ కుటుంబమైనా స్థిరగుచ్ఛమనే ఒక పేర్ల జాబితాయే. ఇంటి తలుపు, ఆస్పత్రి, ఆస్తి అన్నీ దాన్నిబట్టే నడుస్తాయి. పూర్వం కుటుంబ పట్టికల్లో దొంగచాటుగా పేర్లు మార్చి ఇళ్ళు కాజేసేవాళ్ళు. అందుకే ఈ ఏర్పాటు. ఒకసారి కూర్చిన గుచ్ఛంలో పేరు చేర్చడానికీ లేదు, తీసెయ్యడానికీ లేదు. మార్పు కావాలంటే మొత్తం కొత్తది కూర్చుకోవాలి. ఆ క్షణమే పాతది రద్దవుతుంది.

ఈ కొత్తదాంట్లో తన పేరు లేదు.

కొన్నాళ్ళుగా ఫణీంద్ర వాలకం ఆమె గమనిస్తూనే ఉంది. ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్ళిపోతాడు. అడిగితే నవ్వేసి మాట మారుస్తాడు. వెంటనే అతనికి ఫోన్ చేసింది.

"చిన్మయి ఎవరు?"

"సాయంత్రం వచ్చి చెప్తాను. అప్పటిదాకా ఏమీ అడక్కు, ప్లీజ్."

సాయంత్రానికి ఈ తలుపు తనకే తెరుచుకోకపోతే? కుముదిని గుచ్ఛాలు కూర్చే యంత్రం ముందు కూర్చుంది.

"ఒక్క పేరే. కుముదిని," అంది.

"పాత గుచ్ఛం రద్దవుతుంది. సమ్మతమేనా?" అని అడిగింది యంత్రం.

"సమ్మతమే," అని వేలు ఆనించింది.

సాయంత్రం తలుపు ఫణీంద్రని గుర్తుపట్టలేదు. ఆమే లోపలినుంచి తీసింది. అతని చేతిలో ఒక చిన్న గౌను ఉంది.

"నువ్వు వేలిముద్ర వేస్తే తప్ప నీ పేరు ఎక్కదు కుముదా. ఇంటికొచ్చి వేయిద్దామనుకున్నా," అన్నాడు. "చిన్మయి చంటిపాప. శిశుగృహం వాళ్ళు మనకిస్తామని, దాని వేలిముద్ర వాళ్ళే వేయించారు. పోయినసారి దత్తత చివర్లో తప్పిపోతే నువ్వు మంచం పట్టావు. అందుకే ఖాయమయ్యేదాకా చెప్పలేదు."

"ఇప్పుడే మళ్ళీ కూర్చుదాం, రా!" అంది కుముదిని.

"దంపతుల గుచ్ఛం రద్దయిందని మధ్యాహ్నమే పాపని వేరేవాళ్ళకి ఇచ్చేశారు."

అయినా ఇద్దరూ వేళ్ళు ఆనించారు. "ఫణీంద్ర, కుముదిని. పాత గుచ్ఛానికీ దీనికీ తేడా ఏమీ లేదు," అని చెప్పింది యంత్రం.

ఫణీంద్ర నేలమీద కూర్చుని గౌను మడతపెడుతున్నాడు. కుముదిని అతని పక్కన చతికిలబడింది. గౌను అంచు సరిచేస్తూ అడిగింది.

"పాప ఎలా ఉంటుంది?"

"కొత్తవాళ్ళు కనిపిస్తే ముందు అనుమానంగా చూస్తుంది," అన్నాడు ఫణీంద్ర. "ఆ తర్వాత నవ్వుతుంది."