అత్తయ్య చేతి మాత్ర

"మింగావా అమ్మాయ్?" అంది అత్తగారు.

"మింగాను అత్తయ్యా."

"ఏదీ, ఆ నీళ్లు మొత్తం తాగు."

రోజూ పొద్దున్నే ఇదే తంతు. ఆ ఇంట్లో మందులన్నీ అత్తగారి అలమారలోనే, తాళంచెవి ఆవిడ కొంగుకే. మాత్రని అట్టలోంచి తీసి కోడలి అరచేతిలో పెట్టేదీ ఆవిడే. ఆరో నెల కోడల్ని కాలు కింద పెట్టనివ్వని ఆ ప్రేమని కాదనేదెవరు? కోడలికి మాత్రం ఊపిరాడటం లేదు.

ఒళ్లంతా ఉడికిపోతుంటే, చల్లగాలి పడదని కిటికీలు మూసేశారు. ఫ్యాను ఒకటో నంబరు దాటకూడదు. కూర్చున్నచోటే గుండె దడదడలాడుతోంది. ఎన్ని జాకెట్లో కుట్టిన చేతులు సూదిలో దారం ఎక్కించలేక వణుకుతున్నాయి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని, మందు మానితే నెలలు నిండకుండానే కాన్పు రావచ్చని, బిడ్డకే ముప్పని డాక్టరమ్మ ముందే చెప్పింది. పోయిన నెల కాస్త కుదుటపడిందే, మళ్లీ ఇదేమిటో!

భర్త లిఫ్టు మెకానిక్. మధ్యలో ఆగిపోయిన లిఫ్టుల్లోంచి ఊళ్లోవాళ్లందర్నీ బయటికి లాగే ఆ మహానుభావుడికి, సొంతింట్లో పెళ్లాం ఇరుక్కుపోయిందని తెలీదు పాపం.

ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు, మొహం కందగడ్డలా చేసుకుని.

"డాక్టరమ్మ ఫోన్ చేసింది. రక్తపరీక్ష పోయినసారి కంటే ఘోరంగా ఉందట. మాత్ర వేసుకుంటున్నావా, నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తున్నావా?"

"అవేం మాటలండీ! రోజూ అత్తయ్య ఎదురుగానే మింగుతున్నా."

"బిడ్డకేమవుతుందో, మందొద్దని మొదట్లో ఏడ్చిందెవరు?"

"ఏడ్చాను. డాక్టరమ్మ నచ్చజెప్పాక మళ్లీ ఆ మాటెత్తానా? నన్ను నమ్మరా?"

"ఎలా నమ్మమంటావ్? అమ్మా! రేపట్నుంచి నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూడు."

ఆమెకి ఏడుపు కూడా రాలేదు. మూసిన కిటికీలు, లోపల ఆగని గుండె, ఇప్పుడు నోటికి కూడా కాపలా! ఇంకెక్కడికి పోతుంది?

"రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే చూడండి అత్తయ్యా," అని నోరు తెరిచింది.

అత్తగారు చూడలేకపోయింది. కొడుకు వైపు తిరిగింది.

"దాన్నేమీ అనకురా. అది మింగుతూనే ఉంది. నేనే... నేనే మాత్ర మార్చాను."

"ఏంటమ్మా నువ్వనేది?"

"దాని మందు కడుపులో బిడ్డకి చెడు చేస్తుందని ఎదురింటావిడ అంది. వాళ్లమ్మాయి కాన్పయ్యేదాకా నేను వేసుకునే మాత్రే వేసుకుందట, పిల్ల బంగారంలా పుట్టిందట. రెండూ చూడ్డానికి ఒకేలా ఉండే థైరాయిడ్ మందులే కదా అని, మూడు వారాలుగా నాదే ఇస్తున్నా."

"అయ్యో అమ్మా! నీకు తక్కువై, పెంచడానికి ఇచ్చిన మాత్ర అది. దీనికి ఎక్కువై ఏడుస్తుంటే ఇంకా పెంచావా!"

"నా బిడ్డని మీ చేత్తోనే చంపేసేవారే అత్తయ్యా!" అని అరిచింది కోడలు. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. భర్త వైపు తిరిగి, "మీరైతే నన్ను దొంగని చేశారు," అంది. అతను తల దించుకుని ఆటోకోసం పరుగెత్తాడు.

రెండు అట్టలూ చేత్తో పట్టుకుని అత్తగారే ముందు ఆటో ఎక్కింది. డాక్టరమ్మ ముందు దాచుకోకుండా అంతా చెప్పి, చీవాట్లన్నీ నించునే తింది. బిడ్డ గుండె చప్పుడు వినిపించేదాకా ఆవిడ కూర్చోలేదు. బిడ్డ క్షేమంగానే ఉంది. సరైన మందు మళ్లీ మొదలుపెట్టి, రెండ్రోజులు ఆస్పత్రిలో ఉంచుకుని పంపారు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున గుమ్మం దగ్గరే ఆగిపోయింది అత్తగారు. ఒక చేతిలో నీళ్లగ్లాసు, ఇంకో చేతిలో మందుల అట్టా, అలమార తాళంచెవీ.

"ఇవి నీ దగ్గరే ఉంచుకో తల్లీ. నా చెయ్యి మంచిది కాదు."

కోడలికి కోపం ఇంకా పోలేదు. కానీ మూడు వారాలూ ఆవిడ ఆ చెయ్యి ప్రేమతోనే చాచిందన్నది కూడా నిజమే.

"తాళంచెవి నాకివ్వండి," అంది. "మాత్ర మాత్రం మీరే ఇవ్వండి. నా కళ్లముందే, పేరు చదివి."

అత్తగారు కూడబలుక్కుంటూ పేరు చదివింది. చేతులు వణికి మాత్ర ఊడిరావడం లేదు. కోడలు తన వణికే చెయ్యి కూడా సాయం పట్టింది. ఇద్దరూ కలిసి నొక్కితే గానీ అది బయటికి రాలేదు. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

"మింగావా అమ్మాయ్?" అనబోయి ఆగిపోయింది అత్తగారు. వెళ్లి కిటికీలన్నీ బార్లా తెరిచి, ఫ్యాను ఐదులో పెట్టి, తను దుప్పటి కప్పుకుని కోడలి పక్కనే కూర్చుంది.