నిజగడి

అంగారకుడి మీద మంచు తవ్వే కేంద్రంలో పొద్దున్నే గదిలోంచి పనికి వెళ్లాలంటే ముందు కంప్యూటరుకు జవాబు చెప్పాలి. తెర మీద ఒకటే ప్రశ్న: "ఈరోజు ఎలా ఉన్నారు?" దాని కింద ఖాళీ గడి.

వెనకటి అప్లికేషన్లలో గడులు చిన్న కట్టడులే చేసేవి. ఫోను నంబరు అడిగిన చోట అక్షరాలు పడనిచ్చేవి కావు, అంతే. డాక్టర్ ఇందుకళ తయారుచేసిన నిజగడి అక్కడితో ఆగలేదు. దాని కీబోర్డు వేళ్ల నాడిని, చెమటను, వణుకును చదువుతుంది. ఒళ్లు ఒప్పుకోని మాట తెర మీద నిలవదు. ఒక కార్మికుడు "బాగున్నాను" అని రాసి, బయటికి వెళ్లి హెల్మెట్ తీసేసుకున్న తరువాత ఆమె ఈ పనికి పూనుకుంది.

గడి "బాగున్నాను"ను ఒప్పుకోని రోజు ఆ మనిషికి పని ఉండదు. కేంద్రం నుంచి ఒకరు వచ్చి తోడు కూర్చుంటారు. వరసగా రెండు రోజులు ఒప్పుకుంటే తోడు రావడం మానేస్తారు.

డ్రిల్లింగ్ ఇంజనీరు మందేశ్వరరావుకు భార్య పద్మిని పోయినప్పటి నుంచి గడి ఆ మాటను ఒక్కసారీ ఒప్పుకోలేదు. తోడుగా ఇందుకళే వచ్చింది.

"బాగోలేదని రాస్తే నిలుస్తుంది కదండీ. ఎందుకు రోజూ దానితో తగువు?" అంది.

"మా కోనసీమలో చావింట్లో పలకరించినా బాగున్నామనే అంటామండీ. చేతులకి అదే అలవాటు."

"నా యంత్రానికి మీ కోనసీమ మర్యాద తెలీదు మరి."

"నేర్పించాల్సింది," అన్నాడాయన. చాలా రోజుల తరువాత ఆ గదిలో ఎవరో నవ్వారు.

గదిలో రెండు కుర్చీలున్నాయి. ఇందుకళ పద్మిని కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. ఎవరూ చెప్పకుండానే పనిముట్ల పెట్టెను లాక్కుని దాని మీద కూర్చునేది. ఆయన తొట్టెలో పెంచిన మెంతికూర తెంపి పప్పులో వేసేవాడు. ఉప్పు ఎక్కువైందని ఆమె, సరిపోయిందని ఆయన. మాటలు లేనప్పుడు గాలి గొట్టాల చప్పుడు వింటూ ఊరికే కూర్చునేవారు. అదీ బాగానే ఉండేది.

ఒక ఉదయం "బాగున్నాను" నిలిచింది. తెర ఆకుపచ్చగా మారింది.

"చూశారా!" అని ఇందుకళ చప్పట్లు కొట్టింది. "రేపొక్కరోజు కూడా నిలిస్తే నేనింక రానక్కర్లేదు."

"మంచిదేనండి," అన్నాడు మందేశ్వరరావు.

మరునాడు ఆమె టీ తాగి, గ్లాసు కడిగి, బూట్లు తొడుక్కుంటోంది. "టైపు చేసెయ్యండి మరి. రెండో సొరంగంలో మీకోసం చూస్తున్నారు."

ఆయన కీబోర్డు ముందు కూర్చున్నాడు. తెర ఆమెకు కనబడకుండా కొంచెం పక్కకు తిప్పుకున్నాడు. నెమ్మదిగా టైపు చేశాడు. అక్షరాలు మాసిపోయాయి. మళ్లీ చేశాడు. మళ్లీ మాసిపోయాయి. మూడోసారికి యంత్రమే గొంతు విప్పింది. వరసగా తప్పు పడితే చదివి వినిపించేలా దాన్ని తయారుచేసింది ఇందుకళే.

"'బాగోలేదు' అన్న మాటను ఒప్పుకోలేను. మీరు బాగున్నారు."

మందేశ్వరరావు తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఒంటరితనాన్ని దాచుకున్నప్పుడు పట్టుకున్న గడి, అది తగ్గాక ఇంకా ఉందని చెప్పబోయినా పట్టుకుంది.

తలుపు దగ్గర ఒక బూటు నేల మీద పడింది. ఇంకొకటి.

"దీనికేదో తెగులు పట్టిందండి," అంది ఇందుకళ, పెట్టె ముందుకు లాక్కుంటూ. "సరిచెయ్యాలంటే రోజూ వచ్చి చూడాలి. చాలాకాలం పట్టొచ్చు."

ఆమె చేతులు మాత్రం కీబోర్డుకు దూరంగా, ఒడిలో ఉన్నాయి.