మూడో నెల దాటేదాకా

2081. కాకినాడలో సీమంతమంటే పసుపు, కుంకుమ, చలిమిడితోపాటు ఆరోగ్యశాఖ పంపే రక్షాగాజు కూడా ఉండాల్సిందే. చూడ్డానికి మామూలు ఆకుపచ్చ గాజే. వైరస్ మోసుకొచ్చిన దోమ కుడితే వెంటనే పసిగట్టి, దాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, సూది లేకుండా చర్మంలోంచి రక్తంలోకి దింపుతుంది. ఆ వైరస్ తల్లికి తెచ్చేది కాస్త జ్వరమే. కడుపులో బిడ్డకు మాత్రం మెదడు ఎదగనిచ్చేది కాదు. జనం దాన్ని చిన్నతల జ్వరం అనేవారు.

గాజును కనిపెట్టిన డాక్టర్ హిమజకు మాత్రం కంటి మీద కునుకు లేదు. గాజు తొడుక్కున్న తల్లులకు కూడా చిన్న తలతో పిల్లలు పుడుతూనే ఉన్నారు. ఆ ఉదయం ఒక తల్లి అలాంటి పసిపాపను గుండెకు హత్తుకుని, "మీ గాజు స్నానానిక్కూడా తియ్యలేదండి డాక్టరుగారూ" అంది. హిమజకు ఏడుపొచ్చింది.

ఇంటికి రాగానే మేడ మీది ప్రయోగశాలలో ధన్వి అనే యంత్రాన్ని నిలదీసింది. "నా గాజులో లోపం ఎక్కడుంది?"

"లోపం లేదు డాక్టర్. గాజు కన్నా ముందే వైరస్ వచ్చేసింది. బిడ్డ మెదడుకు అసలు గండం మొదటి మూడు నెలల్లో. గాజు చేతికెక్కేది సీమంతంలో."

"గర్భం తెలియగానే ఆస్పత్రిలో చెబితే అప్పుడే ఇస్తాం కదా!"

"చెప్పడం లేదు. ఎందుకో నాకు తెలియదు."

ఆ ఎందుకు అన్నదానికి జవాబు కాఫీ గ్లాసుతో మెట్లెక్కి వచ్చింది. హిమజ అత్తగారు, వరహాలమ్మ.

"మూడో నెల దాటకుండా ఎవరు బయటపెడతారమ్మాయ్? దిష్టి తగలదూ? మీ ఆయన కడుపులో పడ్డప్పుడు నేను మా అమ్మకే చెప్పలేదు."

హిమజకు ఒళ్ళు మండింది. "చంద్రుడి మీద కాపురాలు పెట్టాక కూడా దిష్టేంటి అత్తయ్యా! పిల్లల బతుకులు పోతున్నాయి. ఇంతకీ మీ చేతికి ఆ కొత్త గాజులేంటి?"

"ఎదురింట్లో సీమంతానికెళ్ళా. వచ్చినోళ్ళందరికీ తొడిగారు గదా."

హిమజ అత్తగారి చేతినే చూస్తూ ఉండిపోయింది. పేరంటానికి వెళ్ళిన మనిషి చేతికి గాజెందుకుందని ఎవరూ అడగరు. అడగనప్పుడు చెప్పాల్సిన పనీ లేదు.

మర్నాడే హిమజ ఆరోగ్యశాఖకు వెళ్ళి, గర్భిణులకే కాదు, పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆడవాళ్ళందరికీ రక్షాగాజే తొడగాలంది. అధికారులు ససేమిరా అన్నారు. ఆమె వాళ్ళ వెంటపడి, పోట్లాడి, చివరికి పంతం నెగ్గించుకుంది.

రెండు వానాకాలాలు గడిచాయి. ఊళ్ళో ఏ ప్రసూతి వార్డులోనూ చిన్నతల జ్వరం బారిన పడ్డ బిడ్డ ఒక్కరు కూడా లేరు. ఆ కబురు తెలిసిన రోజు కాకినాడంతా పండగ చేసుకుంది. హిమజ మెడలో దండలు తీయకుండానే మేడెక్కి, "గెలిచాం ధన్వీ!" అని అరిచింది.

"అభినందనలు డాక్టర్. మీ సొంత గాజు కూడా పోయిన వారం వైరస్‌ను ఓడించింది. మీరూ క్షేమం, మీ కడుపులో బిడ్డా..."

"ష్! గట్టిగా అనకు," హిమజ కంగారుగా తలుపు వైపు చూసింది. "ఇంకా మూడో నెల దాటలేదు."

తలుపు దగ్గర వరహాలమ్మ నిలబడి ఉంది. ఆవిడ ఏమీ విననట్టే లోపలికి వచ్చి గుప్పెట విప్పింది. అందులో రాళ్ళుప్పు.

"ఊరందరి కళ్ళూ ఇవాళ నీ మీదే. ఇటు తిరుగు."

హిమజ మెడలో దండలు తీసి పక్కన పెట్టి, అత్తగారి వైపు తిరిగి నిలబడింది.