చక్రాల కుర్చీ రిపేరుకెళ్ళిన శనివారం

ఫిల్మ్ నగర్‌లో ఆఫీసు పెట్టిన ఇరవై ఏళ్ళలో డిటెక్టివ్ వీరభద్రం చాలా అబద్ధాలు విన్నాడు. కానీ ఆ ఉదయం చక్రాల కుర్చీలో వచ్చిన నాగేశ్వరి చేతిలోని కాగితాన్ని ఆయన కూడా రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ప్రమాదం జరిగిన బస్సులో ఆమె అసలు లేనే లేదని బీమా కంపెనీ రాసింది.

"లేకపోతే నా నడుము ఎలా విరిగిందండీ?" అంది నాగేశ్వరి.

ఆమె జూనియర్ ఆర్టిస్టు. ఎనిమిది నెలల క్రితం షూటింగ్ బస్సు బోల్తా పడింది. ఇంకో ఆరు వారాల్లోగా రెండో ఆపరేషన్ చేయిస్తే నడిచే ఆశ ఉందనీ, ఆ గడువు దాటితే లేదనీ డాక్టరు చెప్పాడు. పరిహారం వస్తే తప్ప ఆపరేషన్ జరగదు.

కుర్చీ తోసుకొచ్చిన కౌసల్య కూడా జూనియర్ ఆర్టిస్టే. ఇద్దరిదీ షేక్‌పేటలో ఒకే గది. స్నానం చేయించడం దగ్గర్నుంచి అన్నీ ఆమే చూస్తోంది.

"తప్పు నాదేనండీ," అంది కౌసల్య. "ఆ రోజు నాకు జ్వరం. నా బదులు నా యూనియన్ కార్డు పట్టుకుని ఇది వెళ్ళింది. స్పృహ లేదు కదా, ఆసుపత్రిలో కార్డు చూసి నా పేరు రాసేశారు. పోలీసులూ అదే రాశారు."

"కార్డు ఎవరిదైతేనేం? దెబ్బ తగిలినవాళ్ళకే పరిహారం. ఆ హక్కు ఎక్కడికీ పోదు," అన్నాడు వీరభద్రం. తర్వాత నాగేశ్వరిని అడిగాడు. "బయటికి వెళ్తుంటారా?"

"ఎక్కడికండీ? మార్చిలో ఒక శనివారం ఈ కుర్చీ రిపేరుకని ఇది తీసుకెళ్తే, ఆ రోజంతా మంచం కూడా దిగలేదు."

వీరభద్రం అది రాసుకున్నాడు. గురువుగారు ఏదీ వదలరని అసిస్టెంటు మహతికి గర్వమే గానీ, కుర్చీ రిపేరు కూడా రాసుకోవాలా అనిపించింది.

నాలుగో రోజు ఆయన అందరినీ ఆఫీసుకు పిలిచాడు. జూనియర్ ఆర్టిస్టులను బస్సెక్కించి పంపే ఏజెంటు జగదీశ్ కూడా విసుక్కుంటూ వచ్చి కూర్చున్నాడు.

"మార్చి రెండో శనివారం లోక్ అదాలత్‌లో ఈ కేసు రాజీ అయిపోయింది," అన్నాడు వీరభద్రం. "కౌసల్య అనే క్షతగాత్రురాలు కుర్చీలో వచ్చి సంతకం పెట్టింది. సాక్షి జగదీశ్."

"నాకేం తెల్వదు సార్. పెట్టుమంటే పెట్టిన."

"అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే కార్డు నిజం, దాని మీది ముఖం నిజం, సంతకం నిజం. దెబ్బలే అబద్ధం. ఆ కార్డుతో సరిపోయే ముఖం ఒక్కరిదే. ఆ రోజు ఈ కుర్చీ ఎవరి దగ్గరుందో నాగేశ్వరిగారే చెప్పారు."

పదేళ్ళుగా గుంపులో నిలబడ్డ కౌసల్యకు దొరికిన మొదటి పెద్ద వేషం అదే. బాగానే చేసింది పాపం. ఇప్పుడు మాత్రం తల ఎత్తలేకపోయింది.

"కార్డు సంగతి బయటపడితే మనిద్దరం జైలుకెళ్తామని ఈ జగదీశే బెదిరించాడు," అంది నాగేశ్వరితో నెమ్మదిగా. "వచ్చినదాంట్లో సగం తీసుకున్నాడు. మిగతా సగం... నీ మందులు దేంతో కొంటున్నాననుకున్నావే?"

నాగేశ్వరి ఆమెను చూడకుండా వీరభద్రం వైపు తిరిగింది. "ఇప్పుడేం చేయాలండీ?"

"లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు లేదు. మోసం జరిగిందని హైకోర్టులో రిట్ వేయాలి. వీళ్ళిద్దరి మీదా పోలీసు కేసు పెట్టాలి. రాజీ కొట్టేశాక మీ పేరున పరిహారం అడగొచ్చు. గెలుస్తారు."

"ఎన్నాళ్ళకి?"

గురువుగారి దగ్గర ఏదో ఒక దారి ఉంటుందని మహతి ఆశగా చూసింది.

"రెండేళ్ళు పట్టొచ్చమ్మా," అన్నాడాయన.

నాగేశ్వరి చాలాసేపు ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చడానికి ఏమీ మిగల్లేదు. జగదీశ్ ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. చివరికి ఆమె కళ్ళు తుడుచుకుని, గోడ దగ్గర నిలబడ్డ కౌసల్యను పిలిచింది.

"బాత్రూంకి వెళ్ళాలే. రా."

మహతి గబుక్కున ముందుకొచ్చింది. నాగేశ్వరి వద్దన్నట్టు తల ఊపింది.

"మీకు చేతకాదమ్మా. నొప్పి తెలియకుండా ఎత్తడం దానికొక్కదానికే వచ్చు."