తూము మీద సుద్దరాత

మూడో తూము దగ్గర ఎవరూ బండి ఆపరు. టైరు పేలినా రిమ్ము మీద ఈడ్చుకుపోతారు గానీ, ఆపరు. పొద్దుగుంకాక ఆ తూము గోడ మీద సుద్దతో ఒక నంబరు పడుతుంది – నాలుగు వందల పదిహేడు. దాని పక్కన ఒక తేదీ. పొద్దున్నే కడిగేస్తారు. మళ్లీ పడుతుంది.

ఆ నంబరు సార్జెంటుదని క్యాంపులో అందరికీ తెలుసు. కడిగించేది కూడా ఆయనే.

ఆ అడవి రోడ్డు మీద ఒక పద్ధతి ఉంది. తిరుగుబాటుదారులు మందుపాతర దాచేది రోడ్డు కింది తూముల్లోనే. అందుకని లారీలు కదిలేముందు ఒక మనిషి ప్రతి తూములోనూ ఈ చివర దూరి ఆ చివర తేలాలి. తేలాక గోడ మీద తేదీ వేసి, తన నంబరు రాయాలి. ఆ రాత చూశాకే బండ్లు కదులుతాయి.

లెఫ్టినెంటుకి మాత్రం రాత ఒక్కటే చాలేది కాదు. ఇరవై నాలుగేళ్లవాడు, చిన్నసారు అని పిలిచేవాళ్లు. "చివరిదాకా చూశావా బాబాయ్?" అని రోజూ సార్జెంటుని అడిగేవాడు.

ఆ రోజూ అడిగాడు. చూశానన్నాడు సార్జెంటు. మూడో తూములో మోకాలి లోతు బురద... పైనుంచే వంగి రాసేశాడు.

లారీకి ముందు నడుస్తున్న చిన్నసారుకి గడ్డిలో వైరు కనిపించింది. వెనక లారీలో పద్నాలుగు మంది. ఆపమని ఒక్క కేక వేసి, కిందికి దూకి, వైరు పట్టుకు లాగాడు. లారీ ఆగింది. తూము పేలింది.

పద్నాలుగు మందీ బతికారు.

విచారణలో సార్జెంటు ఏమన్నాడో తెలుసా? చూడకుండా రాయమన్నది చిన్నసారేనన్నాడు. దాని కింద క్యాంపు కమాండరు, అదే పెద్దసారు, సంతకం పెట్టాడు. ప్రాణాలు పోసినవాడు ఫైల్లో తప్పు చేసినవాడయ్యాడు. చచ్చినవాడు తిరిగొచ్చి కాదంటాడా ఏంటి... అనుకున్నారు.

కొత్త తూము వేశారు. వేసిన వారానికే రాత మొదలైంది.

పదకొండు నెలలు గడిచాయి. ఇంకో వారంలో రిటైరై ఇంటికెళ్లాల్సిన సార్జెంటు, టౌనులో ఆఖరి సంతకాలు చేసి జీపులో వస్తున్నాడు. చీకటి పడింది. సరిగ్గా మూడో తూము మీద జీపు రెండుసార్లు దగ్గి, ఆగింది.

"ఆపడానికి ఇక్కడే దొరికిందా నీకు?"

"నాకేం తెలుసు సార్. దానికి నచ్చినట్టుంది," అన్నాడు డ్రైవరు. ఆ పద్నాలుగు మందిలో ఒకడు. "ఆగిన బండి కదలాలంటే తూము చూడాలి. నేను సీటు దిగకూడదు. రూలు నేర్పింది మీరేగా."

"వెటకారమా?"

"నాకంత తెలివెక్కడిది సార్."

సార్జెంటు దిగి టార్చి వేశాడు. గోడ మీద... నాలుగు వందల పదిహేడు. సుద్దపొడి ఇంకా రాలుతోంది.

అయినా మోకాళ్ల మీద దూరాడు. చల్లటి సిమెంటు. తన ఊపిరే తనకి ఎవరిదో లాగుంది. సగం దూరం పోయాడో లేదో – అవతలి చివర్నుంచి, మెల్లగా...

"చివరిదాకా చూశావా... బాబాయ్?"

టార్చి జారిపోయింది.

"లేదు... లేదయ్యా. దిగలేదు నేను. పైనుంచే రాశాను. నువ్వు రాయమన్లేదు... అబద్ధం చెప్పాను..." వెనక్కి పాకుతూ, వెక్కుతూ బయటపడ్డాడు.

రోడ్డు దాటి ఒకామె దిగొచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో ఫోను. అదే ముక్కు, అదే చూపు. చిన్నసారు అక్క.

"మళ్లీ చెప్పక్కర్లేదు. రికార్డయింది," అంది. "గుసగుస నాది. గోడ మీది రాత ఈ డ్రైవరన్నది, ఇవాళ్టిది మాత్రం నాది. పదకొండు నెలలు ఒక్క సెలవు పెట్టకుండా రాశాడు. దెయ్యాలు కూడా ఇంత డ్యూటీ చెయ్యవు."

డ్రైవరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మావాడి పేరుకి నువ్వు పూసిన బురద నీ నోటితోనే కడిగిస్తా. వచ్చేవారం నువ్వు వెళ్లేది ఇంటికి కాదు."

తూములో టార్చి ఇంకా వెలుగుతోంది. "అదీ సాక్ష్యమే. ఉండు," అని ఆమె లోపలికి దూరింది.

కాసేపటికి గొంతు వినిపించింది. "అన్నా, లోపల కూడా రాశావేంటి?"

డ్రైవరు మొహంలో నవ్వు పోయింది. "లోపలికి... నేనెప్పుడూ దిగలేదు చెల్లెమ్మా."

"తేదీ మావాడు పోయిన రోజుదే. నంబరు వేరే ఉంది... నూట రెండు. ఎవరిదిది?"

సార్జెంటుకి తెలుసు. నూట రెండు పెద్దసారు నంబరు. 'దిగేంత టైము లేదు, రాసి పంపెయ్' అని ఆ పొద్దున వైర్లెస్‌లో కసిరిందీ, నేరం చచ్చినవాడి మీదికి తొయ్యమన్నదీ ఆయనే. ఆ సంగతి వాళ్లిద్దరికే తెలుసు. ఇందాక ఏడుస్తూ కూడా ఆ ముక్క మింగేశాడు.

లోపల టార్చి ఆరిపోయింది.

మళ్లీ గొంతు వినిపించింది. అక్కది కాదు. ఆమె కంటే ఇంకా లోపల్నుంచి... ఓపిగ్గా –

"చివరిదాకా చూశావా... అక్కా?"