పెళ్లిచూపుల పీస్

"అన్నా, గ్రెయిన్ సైజ్ ఎంత?"

"బాస్మతి అంత."

కోడ్ కలిసింది. పటాన్‌చెరు హైవే పక్క ఇరానీ హోటల్లో మహిత కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎదుట లుంగీలో, మాసిన తువ్వాలతో లారీ డ్రైవర్‌లా ఉన్న మనిషి స్పెషల్ సెల్ చీఫ్ రాజశేఖర్.

"ఈ సాయంత్రం టెస్ట్ రేంజ్‌లో రాకెట్ మోటర్ కాల్చి చూస్తారు. దాని ఉక్కు కేసింగ్ సప్లై చేసిన కంపెనీ వెనక విదేశీ ముఠా ఉంది. పగుళ్లున్న ఉక్కు అంటగట్టారని అనుమానం. అదే నిజమైతే అది మోటర్ కాదు, బాంబు."

"ఆ కంపెనీల మన మనిషి ఉంది కద సార్."

"నిషిత. కేసింగ్ నుంచి ముక్క కోయించి, సింగపూర్ ల్యాబ్‌లో పాలిష్ చేయించి, సీల్ వేయించి తెస్తోంది. నువ్వు మైక్రోస్కోప్‌లో చూడు. తేడా ఉంటే ఫోన్లో 'సంబంధం తప్పింది' అను, ఆపిస్తాను. ఆ మాట రాకపోతే రేంజ్ వాళ్లు ఆగరు." చీఫ్ గొంతు తగ్గించాడు. "అక్కడ ఫిట్టర్ యాదన్న మీ చిన్నాయినట గదా. గోడ వెనకే ఉంటాడు. మోటర్ పగిలితే ఆ గోడ ఆగదు. నిన్ను తప్పించి వేరేవాళ్లను పెట్టనా?"

"వద్దు సార్. నేనే చూస్త."

మహిత వేషం ల్యాబ్ ట్రైనీ. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్రైవేటు టెస్టింగ్ ల్యాబ్. లోహపు ముక్కను నల్లటి బేకలైట్ బిళ్లలో బిగించి, అద్దంలా మెరిసేదాకా రుద్ది, పలుచని ఆసిడ్ అద్దితే ఉక్కు కడుపులోని గుట్టంతా మైక్రోస్కోప్ కింద బయటపడుతుంది. పని పవిత్రమైనదే. చేసేవాళ్లే కాదు.

మేనేజర్ బాపిరాజు డ్రాయర్లో పగుల్లేని మంచి ఉక్కు బిళ్ల ఒకటి ఉండేది. దానికి ల్యాబ్ అంతా పెట్టుకున్న పేరు పెళ్లిచూపుల పీస్. ఏ కంపెనీ ముక్క వచ్చినా దాన్ని మూలన పడేసి, ఈ అందగత్తె ఫొటోయే రిపోర్టుకు అంటించేవాళ్లు. ఆ డ్రాయర్ తెరిచిన ప్రతిసారీ మహిత మొహం పక్కకు తిప్పుకునేది. ఇంట్లో ముందుగా డిగ్రీ చదివింది తనే. చదివింది ఇందుకా?

చేరిన కొత్తలో ఆమె ఆ బిళ్లను స్పిరిట్‌తో కాక నల్లా తిప్పి కడిగింది. నల్లాలో వచ్చేది బోరు నీళ్లు. పసుప్పచ్చగా, కుళ్లిన గుడ్ల కంపుతో. బిళ్ల మూలన బల్లి ఆకారంలో మరక పడింది.

"ఏంది తల్లీ, పెండ్లిపిల్ల మొఖానికి మసి పూస్తివి!" అని నెత్తి కొట్టుకున్నాడు బాపిరాజు. "గా నీళ్లతోని ఇక్కడ బర్లను గూడ కడగరు. ఇగ నడుమనే ఫొటో తియ్, మూలకు పోకు."

సాయంత్రం నిషిత వచ్చింది. నల్లకళ్లద్దాలు, సిల్కు చీర, గదంతా ముంచేసే విదేశీ సెంటు. అయినా ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంది.

"ఈ కంపులో ఎలా బతుకుతున్నావ్ డార్లింగ్?"

"అలవాటైంది మేడం."

సీల్ తెంచి బిళ్లను మైక్రోస్కోప్ కింద పెట్టింది మహిత. బల్ల మీద ఫోన్ స్పీకర్‌లో, రేంజ్‌లో ఉన్న చీఫ్ ఊపిరి వినిపిస్తోంది. నేసిన పట్టులా సన్నటి గీతలు. ఒక్క పగులు లేదు.

"బాగుంది కదా? చాలు, లే," అంది నిషిత.

లేవబోయింది. కానీ చదువుకున్న పద్ధతి చేతిని లేవనివ్వలేదు. నడుమ నుంచి అంచు దాకా చూడాలి. మర తిప్పింది.

మూలన గోధుమరంగు బల్లి.

మహిత నోరు తెరిచేలోపే నిషిత ఫోన్ మ్యూట్ చేసింది. మరో చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన సన్నటి సూది.

"విషం. నువ్వు నోరు మూసుకుంటే చాలు."

"ఇది సింగపూర్ పోయిరాలే మేడం. పక్క రూంల డ్రాయర్లకెల్లి వచ్చింది. మీరు మా మనిషి గాదు, వాళ్ల మనిషి."

"రెండు చోట్లా జీతం తీసుకున్నాను. వాళ్లది డాలర్లలో."

స్పీకర్‌లో రేంజ్ మైకు మోగింది. "పది... తొమ్మిది..."

మహిత చెయ్యి సింక్ పక్కనున్న ప్లాస్టిక్ సీసాను తాకింది. ఒక్క పిండు. పసుప్పచ్చ ధార నిషిత చేతిని తడిపింది. భగ్గుమన్న కంపు.

"ఆసిడ్!" అని అరిచింది నిషిత. లిప్‌స్టిక్ జారిపోయింది. మహిత దాన్ని తన్ని, ఫోన్ మీద పడి మ్యూట్ తీసింది.

"రెండు..."

"సంబంధం తప్పింది! సార్, సంబంధం తప్పింది!"

"ఒకటి" మాత్రం వినిపించలేదు.

ఆ రాత్రి అసలు కేసింగ్‌ను కోసి చూశారు. లోపలంతా నల్లటి పగుళ్లు, ఎండిన వరిమడిలాగా.

"నాకేం ఎర్క సార్, ఎగ్జిబిషన్ల పెడ్తనంది, ఇచ్చిన," అని బాపిరాజు ఏడ్చాడు. అతని చొక్కా నిండా అదే విదేశీ సెంటు. బిళ్లకు బదులు అతనికి దక్కింది ఆ సెంటు సీసా. మహితకు నిషిత మీద కోపమే వచ్చింది. ఇతణ్ని చూస్తే మాత్రం అసహ్యం వేసింది.

"చిన్నాయినకు ఏం చెప్పను సార్?"

"టెస్ట్ వాయిదా పడిందని చెప్పు. ఇంటికి పోయి అన్నం తినమను."

జీపులో బేడీలతో కూర్చున్న నిషిత చెయ్యి ఇంకా తుడుచుకుంటూనే ఉంది.

"చెప్పు! ఏం ఆసిడ్ అది?"

"ఆసిడ్ అయితే కడిగితే పోతుండె మేడం," అంది మహిత తలుపు వేస్తూ. "అది మా బోరు నీళ్లు."