ఒక చుక్క తక్కువ

టేబుల్ మీద రెండు పాస్‌పోర్టులు పడ్డాయి.

“ఒకటి దొంగది. ఏదో చెప్పు,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ బల్లి రెండూ చేతిలోకి తీసుకున్నాడు. తొమ్మిదేళ్ళ క్రితం ఒక ఎంబసీ గోడని ఆరు గంటలసేపు కరుచుకుని ఉన్నందుకు డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది. దిగడం చేతకాక ఉండిపోయాడన్న సంగతి రిపోర్టులోకి ఎక్కలేదు.

వెలుతురుకి ఎత్తి చూశాడు. రెండింట్లోనూ వాటర్‌మార్కు ఉంది. కాగితంలో కలిసిపోయిన సన్నని దారం ఉంది. వంచితే ముద్ర ఆకుపచ్చ నించి రాగిరంగులోకి మారుతోంది. బొటనవేలితో రాస్తే అక్షరాలు గరుకుగా తగులుతున్నాయి.

“ఎడమ చేతిలోది సార్.”

“అది నాది. ఇలా ఇవ్వు,” అన్నాడు చీఫ్. “నువ్వే కాదు, ఎవరూ చెప్పలేరు. కాగితం, దారం, ఇంకు అన్నీ మన ప్రెస్‌వే. పేజీ అడుగున గీత కనిపిస్తోందా? దాన్ని భూతద్దంలో చూడు.”

గీత కాదది. వెంట్రుకంత సన్నని అక్షరాలు. ‘ఈ పత్రధారిని అడ్డులేకుండా వెళ్ళనివ్వవలసిందిగా అభ్యర్ధన’. అదే వాక్యం మళ్ళీ మళ్ళీ, పేజీ ఈ చివర నించి ఆ చివరిదాకా. దొంగ పాస్‌పోర్టులో మాత్రం అక్షరాలు ముద్దముద్దగా ఉన్నాయి.

“హార్బర్ గేటు దగ్గర మెషీన్ ఈ గీతని యాభై రెట్లు పెంచి ఒరిజినల్‌తో పోలుస్తుంది. దానికి చదవడం రాదు. ఆకారం ఒకటేనా కాదా, అంతే. మిగతా అచ్చు ప్లేటంతా ముఠావాళ్ళు మెషీన్ మీద చెక్కేశారు. ఈ ఒక్క గీత దగ్గర దొరికిపోతున్నారు. ఇది ఉక్కు మీద చేత్తో, అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. అలా చెక్కగల ఎన్‌గ్రేవర్ దేశంలో ఒక్కడే. రిటైరై ఎనిమిదేళ్ళయింది. నిన్న పొద్దున వాకింగ్‌కి వెళ్ళి ఇంటికి రాలేదు.”

బల్లి భూతద్దం పక్కకి జరిపాడు. నిన్నటి నించీ అతని భార్య ఫోను కింద పెట్టలేదు. తప్పిపోయింది ఆవిడ తండ్రి.

“శనివారం పది గంటల ఓడకి పన్నెండు మంది మన పౌరుల్లా దేశం దాటాలని ప్లాను. ముఖాలు మనకి తెలీవు. వాళ్ళ దగ్గర మన ఏజెంట్లందరి జాబితా ఉంది. ఇళ్ళ అడ్రసులతో సహా.”

“నా పేరు ఉందా సార్?”

“చివరి పేజీలో. స్పెల్లింగ్ తప్పుగా రాశారు. ఏం బాధపడకు.” చీఫ్ లేచి నిలబడ్డాడు. “జాబితా సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మీ మామగారిని ప్రాణాలతో తీసుకురా. పనయ్యాక వాళ్ళాయన్ని బతకనివ్వరు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది. మన ప్రెస్‌లో కాగితం స్టోరు చూసేది. అందరూ మేడమ్ అంటారు. వాళ్ళ నమ్మకం కోసం మన అనుమతితోనే కొంచెం కాగితం ఇచ్చింది.”

“కొంచెం అంటే?”

“పన్నెండు పాస్‌పోర్టులకి సరిపడా,” అన్నాడు చీఫ్, ఫ్యాను వంక చూస్తూ.

ఇంటికెళ్ళి బ్యాగు సర్దుకుంటుంటే భార్య వెనకే వచ్చి నిలబడింది. అతను ఇన్సూరెన్స్ ఏజెంటని ఆవిడ నమ్మకం. పదకొండేళ్ళుగా ఒక్క పాలసీ కూడా చేయించలేదని ఆవిడ తండ్రికి చిన్నచూపు.

“ఏవండీ, మీ దగ్గర పాలసీ తీసుకున్న పోలీసులెవరైనా ఉన్నారా?”

“కనుక్కుంటాను.”

“నాన్న కళ్ళజోడు ఇక్కడే వదిలేసి వెళ్ళారు. అది లేకపోతే ఆయనకి కంచంలో ఏముందో కూడా కనపడదు.” పాత తోలు పెట్టె అతని చేతిలో పెట్టింది. “దొరికితే ముందు ఇదివ్వండి. నాన్నని తీసుకురండి.”

ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా బాగుండుననుకున్నాడు బల్లి.

*

ముఠా స్థావరం నగరం చివర, కేలండర్లు అచ్చువేసే పాత ప్రెస్. బల్లి ఇంకు కంపెనీ సేల్స్‌మన్ వేషంలో వెళ్ళాడు. పెట్టుడు మీసం, కెమెరా పెన్ను, ట్రాన్స్‌మిటర్ దాచిన బూటు, మత్తు సూది దాచిన ఉంగరం. ఆఫీసు గదిలో మేడమ్ ఒక్కతే ఉంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి గోళ్ళు. ఆవిడ సెంటు ముందు ప్రెస్‌లోని కిరసనాయిలు వాసన కూడా వెనక్కి తగ్గింది.

“శకునం చెప్పే బల్లి ఏమైంది?” కోడ్ అడిగాడు.

“కుడితి తొట్టిలో పడింది,” అంది మేడమ్. సరైన జవాబే. తర్వాత సొరుగులోంచి పిస్తోలు తీసింది. “నిజంగానే పడింది. బూట్లు విప్పు.”

డబుల్ ఏజెంట్ అంటే రెండు వైపులా జీతం తీసుకుంటుందని తెలుసు. ఏ జీతం ఎక్కువో ఎవరూ కనుక్కోలేదు.

పెన్ను, బూట్లు, ఉంగరం, చివరికి మీసం టేబుల్ మీద వరసగా చేరాయి. తోలు పెట్టె తెరిచి చూసి మేడమ్ ఆగిపోయింది. అద్దాలు వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఆవిడ ముఖం విప్పారింది.

“రెండు రోజులుగా కళ్ళజోడు లేదు, ఉలి కనపడట్లేదు అంటూ ముసలాయన మమ్మల్ని తిప్పలు పెడుతున్నాడు. ఆరు రకాలు తెప్పించాం. ఏదీ పనికిరాదన్నాడు. నీ ఋణం తీర్చుకోలేం బల్లీ.”

మామగారు రెండు రోజులుగా ఒంటరిగా నడిపిన యుద్ధాన్ని బల్లి వచ్చిన పది నిమిషాల్లో ఓడించాడు.

వెనక గదిలో కిటికీకి ఆనించిన బల్ల ముందు మామగారు కూర్చుని ఉన్నారు. గడ్డం మాసింది. చొక్కా ఇస్త్రీ మాత్రం నలగలేదు. అల్లుణ్ణి చూసి, మేడమ్ అతని చేతికే తిరిగిచ్చిన తోలు పెట్టె చూసి, ఒక నిట్టూర్పు విడిచారు.

“మీరు తెచ్చారా అల్లుడుగారూ?”

“అవును మామయ్యగారూ.”

“ఇన్సూరెన్స్ ఆఫీసు ఇక్కడిదాకా పంపిందా?”

“నేను... ఇన్సూరెన్స్ కాదండీ. ప్రభుత్వ ఏజెంటుని.”

మామగారు అతని సాక్సుల్లోంచి బయటికి చూస్తున్న బొటనవేలి వంక చూశారు. “ఏజెంటన్న ముక్క నిజమేనన్నమాట. సంతోషం.” మేడమ్ వైపు తిరిగారు. “దీపం పట్టడానికి నాకొక మనిషి కావాలి. ఇతన్ని ఉంచండి. వేరే పనికి ఎలాగూ రాడు.”

అలా దేశంలోకెల్లా పేరున్న గూఢచారి ఎడమ చెయ్యి గొలుసుతో బల్లకి కట్టేసి, కుడి చేత్తో దీపం పట్టుకుని, దొంగ పాస్‌పోర్టు తయారీకి వెలుతురిస్తూ రెండు పగళ్ళు నిలబడ్డాడు. గొలుసు తెంచుకోవాలని మొదటి గంటలోనే చూశాడు. మణికట్టు తోలు లేచింది తప్ప ఏమీ కాలేదు. తలుపు దగ్గర ఒక కాపలావాడు వేరుశెనక్కాయలు వొలుచుకుంటూ, ఇతని ప్రయత్నాన్ని వినోదంగా చూశాడు.

మామగారు ప్లేటు మీదికి వంగితే ఊపిరి కూడా వినపడదు. ఉలి కదలదు. ఎడమ చేత్తో తోలు దిండు మీద ప్లేటునే మెల్లగా తిప్పుతారు. అక్షరం దానంతటదే ఉక్కులోంచి లేచినట్టుంటుంది, కుడి నించి ఎడమకి, తిరగేసి. చెక్కిన ప్రతి మాటకీ చేతి అద్దంలో చూసుకుంటారు.

శుక్రవారం పొద్దున కాపలావాడు మొహం కడుక్కోడానికి వెళ్ళాడు. బల్లి వంగి గుసగుసగా అన్నాడు. “మామయ్యగారూ, ఒక్క గీత తప్పు చెక్కండి. గేటు దగ్గర దొరికిపోతారు.”

“ఆవిడ మైక్రోస్కోపు పెట్టి చూస్తుంది. తప్పు కనిపిస్తే ఇద్దర్నీ ఇక్కడే కాలుస్తుంది. దీపం కిందికి దించండి.”

“మరి దేశం?”

“నా జన్మలో ఒకే ఒక్క తప్పు చేశాను,” అన్నారు మామగారు తల ఎత్తకుండా. “ఇంకొకటి నా చేత చేయించకండి.”

ఆ ఒక్క తప్పేమిటో బల్లి అడగలేదు. పదకొండేళ్ళ కిందట, పెళ్ళిలో, తన చేతిలో కూతురి చెయ్యి పెడుతున్నప్పుడు ఆయన ముఖం అతనికి ఇంకా గుర్తుంది.

మధ్యాహ్నానికి గీత పూర్తయింది. అంతా అయిపోయాక మామగారు అన్నిటికంటే చిన్న ఉలి తీశారు. వాక్యం చివరి మాట ఎక్కడెక్కడుందో వెతుక్కుంటూ ఒక్కోచోట ఒక్క పోటు పొడుచుకుంటూ పోయారు. ఆఖరి పోటు పొడిచాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు.

“ముప్ఫై ఒక్క ఏళ్ళు,” అన్నారు తనలో తాను.

దేశద్రోహం చేశానని ఏడుస్తున్నారనుకున్నాడు బల్లి. కళ్ళజోడు తెచ్చింది తనే కదా.

సాయంత్రం మొదటి ప్రూఫ్ వచ్చింది. మేడమ్ మైక్రోస్కోపు కింద దాన్ని పెట్టి, పక్కన తన దగ్గరున్న అసలు పాస్‌పోర్టు పెట్టింది. ఎవరో బాగా తిరిగిన వ్యాపారిది. మూలలు నలిగిపోయాయి. కాగితం స్టోరులో పని చేసినావిడకి అచ్చు హాల్లోకి ఎప్పుడూ ప్రవేశం లేదు. కొత్తది చేతికి దొరకలేదు.

చాలాసేపు చూసింది. హఠాత్తుగా తలెత్తింది.

“ఇదేమిటి? ‘అభ్యర్థన’లో నువ్వు చుక్క పెట్టావు. ఒరిజినల్లో చుక్క లేదు.”

కాపలావాడు వేరుశెనక్కాయలు పక్కన పెట్టాడు. గొలుసు చివరిదాకా లాగినా బల్లి ఆవిడకి రెండు బారల దూరంలోనే ఆగాడు.

మామగారు మాత్రం కుర్చీలో వెనక్కి వాలారు. “థ కడుపులో చుక్క ఉండాలా వద్దా అమ్మా?”

“ఉండాలి. లేకపోతే ధ అవుతుంది.”

“మరి ఆ పేజీ ఎంతమంది బొటనవేళ్ళ కింద నలిగి ఉంటుందో చూశారా? ధూళి రేణువంత చుక్క. అరిగిపోయింది. లేదంటారా, అచ్చుతప్పున్న పాస్‌పోర్టుని దేశం ముప్ఫై ఏళ్ళుగా జనానికి పంచుతోందంటారా?”

మేడమ్ మళ్ళీ వంగి చూసింది. ఆవిడ చదువుకున్న మనిషి. రాసిన ప్రతిదాన్లోనూ తప్పులు పట్టే అలవాటు ఆవిడ నుదుటి ముడతల్లోనే తెలుస్తోంది. “చిన్నప్పుడు ఈ మాటకే మా టీచరు నా చేత వందసార్లు రాయించింది,” అంది నవ్వి. “కరెక్టే. పన్నెండూ కొట్టండి.”

*

శనివారం. తొమ్మిదిన్నరకి హార్బర్ గేటు తెరుస్తారు. పదింటికి ఫోన్ రావాలి. అందరూ ఓడెక్కారని కబురు రాగానే వీళ్ళిద్దరి పనీ అయిపోతుంది. మేడమ్ ఆ సంగతి దాచలేదు. పిస్తోలు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళరంగు వేసుకుంటూ కూర్చుంది.

“మామయ్యగారూ,” అన్నాడు బల్లి. “కళ్ళజోడు తేకుండా ఉండాల్సింది. నన్ను క్షమించండి.”

“అమ్మాయి ఇచ్చిందా?”

“ముందు ఇదివ్వమంది.”

“వాళ్ళమ్మ పోలిక,” అన్నారాయన. గోడ గడియారం చప్పుడు వింటూ ఇద్దరూ కూర్చున్నారు. చెయ్యగలిగిందేమీ లేదు. బల్లి భార్యని తలుచుకున్నాడు. ఒకే పూట ఇద్దర్నీ పోగొట్టుకుంటుంది. భర్త ఏం పని చేసేవాడో కూడా ఆవిడకి ఎవరూ చెప్పరు.

పదింటికి ఫోన్ మోగింది. మేడమ్ ఒక చేత్తో పిస్తోలు మామగారి వైపు తిప్పి, రెండో చేత్తో స్పీకర్ నొక్కింది.

“చెప్పు.”

“శకునం చెప్పే బల్లి ఏమైంది?” అంది అవతలి గొంతు. చీఫ్‌ది.

మేడమ్ వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. చీఫ్ ఆగలేదు. “మీవాళ్ళు పన్నెండు మందీ, జాబితాతో సహా, నా ఎదురుగా ఉన్నారు మేడమ్. మీ వ్యాన్ డ్రైవరు దగ్గరుండి మాకు దారి చూపించాడు. ఒకసారి కిటికీలోంచి చూడండి. కాలిస్తే ఉరి, కాల్చకపోతే జైలు. మీ ఇష్టం.”

ఆవిడ చూసింది. వీధి నిండా యూనిఫారాలు. పిస్తోలు మెల్లగా బల్లమీద పెట్టింది, తడి గోళ్ళరంగు చెరక్కుండా.

*

“ఏం తేడా ఉందో మాకిప్పటికీ తెలీదు,” అన్నాడు చీఫ్ తన ఆఫీసులో. “మొదటివాడి పాస్‌పోర్టుకి మెషీన్ ఎర్రలైటు వేసింది. గేటు ఆఫీసరు భూతద్దం పెట్టి చూశాడు, శుభ్రంగా ఉంది. మెషీన్‌కి పిచ్చెక్కిందని అద్దం తుడిచాడు. స్టాంపు వెయ్యడానికి చెయ్యెత్తాడు. అప్పుడు రెండోసారి ఎర్రలైటు. చెయ్యి గాల్లోనే ఆపాడు.”

మామగారు కళ్ళజోడు సర్దుకున్నారు. “ముప్ఫై ఒక్క ఏళ్ళ క్రితం నేనే చెక్కాను. అభ్యర్థనలో చుక్క మర్చిపోయాను. మొత్తం గీతంతా. మీ మెషీన్‌కి చూపించిన నమూనా ఆ తప్పుదే. నా భార్య తెలుగు టీచరు. మొదటి పాస్‌పోర్టు ఇంటికి తెచ్చిన రోజే పట్టేసింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, ఎవరికీ చెప్పకండి, ఉద్యోగం పోతుంది అంది. తనూ ఎవరికీ చెప్పకుండానే కన్నుమూసింది. నిన్న మొదటిసారి సరిగ్గా రాశాను.”

మామగారు జేబులోంచి పసుపెక్కిన కాగితం తీశారు. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉండి చిరగబోతోంది.

“ప్లేటు సరిచేయడానికి అనుమతించమని అర్జీ. అప్పుడు ఇవ్వడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడైనా ఒప్పుకోండి. చెయ్యి ఇంకో ఏడాదైనా నిలకడగా ఉంటుందో ఉండదో.”

చీఫ్ చదివి, మెల్లగా మడిచి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. “కుదరదండీ. ఇవాళ్టి నించీ అది తప్పు కాదు. సెక్యూరిటీ ఫీచర్. ఎవరికీ చెప్పకూడదు కూడా.”

మామగారు అర్జీ జేబులో పెట్టుకున్నారు. ఆయన వేళ్ళు బొత్తం పెట్టుకోడానికి చాలాసేపు తడబడ్డాయి. బల్లి సాయం చేయబోయి ఆగిపోయాడు.

కారు ఇంటి వీధి మలుపు తిరిగాక ఆగలేక అడిగాడు. “అయితే మామయ్యగారూ, మీరు చేసిన ఆ ఒక్క తప్పు... నేను కాదన్నమాట.”

గేటు దగ్గర కూతురు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తోంది. మామగారు కళ్ళజోడు తీసి, తోలు పెట్టెలో పెట్టి, అల్లుడి చేతికిచ్చారు.

“ఈ ప్లేటు నాది అల్లుడుగారూ, దీన్ని బాగానే చెక్కాను,” అన్నారు కూతురి వైపు చూస్తూ. “మీరు తర్వాత పడ్డ అచ్చుతప్పు. అది నా ఖాతాలోకి రాదు.”